పాత నాణేన్ని దగ్గరగా ఫొటో తీయాలంటే

ముందుగా ఒక మాట: ఫొటో కోసం నాణేన్ని తోమొద్దు. ఆ మెరుపు పై పొరను అరగదీస్తేనే వస్తుంది, సేకరణ విలువ దాంతోపాటే పోతుంది. గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము దులిపితే చాలు.

కెమెరాను స్టాండుకు బిగించి, లెన్సు నిట్టనిలువుగా కిందికి చూసేలా పెట్టండి. నాణెం ఉంచాల్సిన చోట చిన్న అద్దం పెట్టి చూడండి. లెన్సు ప్రతిబింబం ఫ్రేము నడిమధ్యన కనిపిస్తే కెమెరా సమాంతరంగా ఉన్నట్టే. ఇది దాటేస్తే ఒక అంచు మసకబారుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో (పెద్ద సెన్సరు, అంటే బొమ్మను పట్టే పలక ఉన్నది) 1:1లో, అంటే నాణెం బొమ్మ సెన్సరు మీద అసలు సైజులోనే పడేలా తీస్తుంటే, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర కూడా పదునుగా వచ్చే లోతు సుమారు 1 మిల్లీమీటరే. అలాగని ఎఫ్/22కి పోతే వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే స్థాయి) 100, 2 సెకన్ల టైమరు పెట్టుకోండి.

అసలు పనితనమంతా వెలుగులోనే ఉంది. దీపాన్ని గడియారంలో 10 అంకె ఉండే వైపు, కాస్త కిందుగా పెడితే అరిగిన అక్షరాలకు నీడ పడి పైకి తేలతాయి. మరీ కిందికి దించితే అక్షరాల కన్నా గీతలే ముందు కనిపిస్తాయి. మెరిసే వెండి నాణెమైతే దీపానికి ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టండి.

ఇలాగే దగ్గరగా పూలను తీయాలంటే గాలే శత్రువు. కాడను పుల్లకు ఆనించి, 1/250 సెకను షట్టరు వేగం దగ్గర తీయండి. సీతాకోకచిలుకలైతే పొద్దున్నే, ఒళ్లు వేడెక్కకముందు కదలకుండా కూర్చుంటాయి. సెన్సరు రెక్కలకు సమాంతరంగా ఉండాలి, మీ నీడ మాత్రం వాటి మీద పడకూడదు.