ఫోన్ పోయినా జీమెయిల్ పోకుండా: టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకునే పద్ధతి

టూ-స్టెప్ వెరిఫికేషన్ అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు కూడా అడిగే రెండో తాళం. దాన్ని ఆన్ చేయడం పది నిమిషాల పని. చాలామంది అది చేసి అక్కడితో వదిలేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో ఫోన్ బస్సులో జారిపోతుంది, లేదా పాతది అమ్మేసి కొత్తది కొంటారు. అప్పుడు దొంగ కోసం వేసిన తాళం ఇంటివాళ్లనే బయట నిలబెడుతుంది. అందుకే ఇక్కడ ఆన్ చేయడం గురించి కొంచెం, తిరిగి లోపలికి వచ్చే దారి గురించి ఎక్కువ చెబుతున్నాం.

ముందు జీమెయిల్‌తో మొదలుపెట్టండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, షాపింగ్ యాప్‌లు, ఏది తీసుకున్నా ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అని నొక్కితే లింకు సాధారణంగా వచ్చిపడేది మెయిల్‌కే. అది ఎవడి చేతిలో పడితే వాడికి మిగతావన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి.

ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, ఆ లోపల ‘మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్’, అందులో సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లండి. ముందు రెండు సంగతులు చూసుకోవాలి: పాస్‌వర్డ్ మీకు నిజంగా తెలుసా, రికవరీ ఫోన్ నంబర్ ఎవరిది? కొత్త ఫోన్ కొన్నరోజు షాపులోనే ఎవరో జీమెయిల్ తెరిచి ఇవ్వడం, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం మామూలే. అమ్మానాన్నల ఫోన్లలో ఇది తప్పకుండా చూడండి. అవి సరిచేశాక ‘టూ-స్టెప్ వెరిఫికేషన్’ ఆన్ చేయండి.

రెండో మెట్టుగా ఏది పెట్టాలి

ఎస్ఎమ్ఎస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కన్నా నయం. కానీ అది మీ దగ్గరికి కాదు, మీ నంబర్‌కి వస్తుంది. మీ పేరున డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికీ అదే ఓటీపీ అందుతుంది. సిమ్ మార్చిన ఏడు రోజుల్లోపు ఆ నంబర్‌ను వేరే కంపెనీకి పోర్ట్ చేయకూడదని 2024 జులై 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన అమల్లో ఉంది. అది పోర్టింగ్‌ను ఆపుతుంది గానీ డూప్లికేట్ సిమ్‌ను ఆపదు. ఇంకొకటి: రీచార్జ్ ఆగి రద్దయిన నంబర్‌ను 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ఇక్కడి నంబర్ మీదే అన్నీ వదిలి విమానం ఎక్కితే, ఆ నంబర్ ఆగిపోయిన రోజున ఓటీపీ ఎక్కడికి వెళ్తుందో తెలియదు. ప్రయాణానికి ముందే, ఎస్ఎమ్ఎస్‌తో పనిలేకుండా ఫోన్లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌కు మారిపోండి.

ఆథెంటికేటర్ యాప్‌కి సిగ్నల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మొదటిసారి క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంకేతం ఫోన్లో చేరుతుంది. ఆ సంకేతాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి యాప్ ఆరంకెల కోడ్ లెక్కగడుతుంది, 30 సెకన్లకోసారి మారుస్తుంది. కోడ్ పక్కన చిన్న గుండ్రటి గుర్తు కరిగిపోతూ కనిపిస్తుంది. అది అయిపోవస్తుంటే ఆగండి, కొత్త కోడ్ వచ్చాక కొట్టండి. సరిగ్గా కొట్టినా తప్పు అంటోందంటే చాలాసార్లు తప్పు ఫోన్ గడియారానిదే. తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో పెట్టండి.

సెట్ చేసేదీ యాప్ ఉన్నదీ ఒకే ఫోన్ అయితే స్కాన్ చేయడం కుదరదు. క్యూఆర్ కింద ‘కాంట్ స్కాన్ ఇట్’ నొక్కితే నాలుగేసి అక్షరాల గుంపులుగా ఒక కీ వస్తుంది. దాన్ని కాపీ చేసి, యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కి, ‘ఎంటర్ ఎ సెటప్ కీ’ దగ్గర అతికించి, రకం ‘టైమ్ బేస్డ్’ అని ఉంచండి. ఆ క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకోవద్దు. అది దొరికినవాడి ఫోన్లోనూ మీ కోడ్‌లే తిరుగుతుంటాయి.

బ్యాకప్ కోడ్‌లు: కూర్చున్నపళంగా చేయాల్సిన పని

టూ-స్టెప్ వెరిఫికేషన్ పేజీలోనే ‘బ్యాకప్ కోడ్స్’ ఉంటుంది. ఫోన్ చేతిలో లేనప్పుడు రెండో మెట్టుగా కొట్టేవి ఇవే. ఒక్కోటి ఎనిమిదంకెలవి, పది కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త సెట్ తీసుకుంటే పాతవన్నీ చెల్లవు. వాటిని కాగితం మీద రాయండి, లేదా ప్రింట్ తీయండి. పైన తేదీ వేయండి. ఒక ప్రతి బీరువాలో పట్టాదారు పాస్‌పుస్తకం, సర్టిఫికెట్లు ఉన్న కవర్లో పెట్టండి. రెండోది నమ్మకమైన అన్నయ్యో అక్కో ఇంట్లో ఉండనివ్వండి. ఫోటో తీసి అదే ఫోన్లో దాచితే ఫోన్‌తోపాటు అవీ పోతాయి.

గూగుల్ ఆథెంటికేటర్ 2023 నుంచి కోడ్‌లను గూగుల్ ఖాతాలోకే బ్యాకప్ చేయగలుగుతోంది. ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి ఇది హాయి. కానీ గూగుల్ ఖాతా కోడ్‌కు అది అక్కరకు రాదు: లోపలికి వెళ్లడానికి కోడ్ కావాలి, కోడేమో లోపల ఉంది. కాగితం మీది బ్యాకప్ కోడ్ ఈ ముడి విప్పుతుంది. ఫోన్ మారుస్తుంటే, పాతది ఫార్మాట్ చేయకముందే యాప్‌లో ‘ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్’ ద్వారా కొత్త ఫోన్లోకి తెచ్చుకుని, ఒకసారి లాగిన్ అయి చూసి, ఆ తర్వాతే పాతది అమ్మండి.

వాట్సాప్‌ది వేరే దారి

సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. ఆరంకెల పిన్ పెట్టి, ఈమెయిల్ కూడా ఇవ్వండి. మెయిల్ ఇవ్వకుండా పిన్ మర్చిపోతే ఏడు రోజులు ఆగాలి. ఈ పిన్ వేరు, ఎస్ఎమ్ఎస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ వేరు. ‘పొరపాటున మీ నంబర్‌కి కోడ్ వచ్చింది, చెప్పండన్నా’ అని అడిగేది ఆ ఎస్ఎమ్ఎస్ కోడ్‌నే. నోరు జారి చెప్పేసినా, పిన్ ఉంటే వాడు గడప దాటలేడు.

అయితే మీ వాట్సాప్‌ను కంప్యూటర్‌లోనూ తెరిచే ‘లింక్డ్ డివైజెస్’ దగ్గర ఈ పిన్ అడగదు. ఏదో సైటులో నంబర్ ఇవ్వమని, ఎనిమిదక్షరాల కోడ్ వాట్సాప్‌లో కొట్టమంటే, మీ చాట్‌లన్నీ వాళ్ల కంప్యూటర్‌లో తెరుస్తున్నట్టే. వారానికోసారి ఆ జాబితా చూడండి. తెలియని పరికరం కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి.

ఇంత చేసినా ఎక్కడ జారుతుంది

అచ్చం గూగుల్ పేజీలా ఉన్న దొంగ పేజీలో ఆథెంటికేటర్ కోడ్ కొడితే, వాడు ఆ 30 సెకన్లలోనే అసలు పేజీలో దాన్ని వాడేస్తాడు. పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ చేయించే పాస్‌కీ అలా మోసపోదు, అసలు సైటు చిరునామా దగ్గర తప్ప అది పనిచేయదు. మీ ఫోన్ ఒప్పుకుంటే సెక్యూరిటీ ట్యాబ్‌లో పాస్‌కీ కూడా చేర్చండి.

మీరు లాగిన్ కాకుండానే ‘ఇది మీరేనా’ అని ఫోన్ అడిగితే ‘కాదు’ నొక్కి, అప్పుడే పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్ ఎవరికో దొరికి ఉండవచ్చు. నెట్ సెంటర్లో అప్లికేషన్ పెట్టడానికి లాగిన్ అవుతుంటే ‘డోంట్ ఆస్క్ ఎగైన్ ఆన్ దిస్ డివైజ్’ దగ్గర టిక్కు తీసేయండి. ఉంచితే ఆ కంప్యూటర్‌కి రెండో మెట్టు లేనట్టే.

ఫోన్ నిజంగా పోతే: ఇంకో ఫోన్లో పాస్‌వర్డ్, బ్యాకప్ కోడ్‌తో లోపలికి వెళ్లి, ‘యువర్ డివైజెస్’లో పోయిన ఫోన్‌ను సైనౌట్ చేయండి. ఆథెంటికేటర్ మళ్లీ సెట్ చేయండి. సిమ్ బ్లాక్ చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ రోజే ఒకసారి పరీక్షించండి. కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ‘ట్రై అనదర్ వే’ నొక్కి, కాగితం మీది మొదటి బ్యాకప్ కోడ్‌తో లోపలికి వెళ్లండి. తెరుచుకుంటే ఆ కోడ్‌ను పెన్నుతో కొట్టేయండి. మిగిలిన తొమ్మిదీ బీరువాలోకి.