నిరుటి దాకా బాగానే చదివాడు, ఇప్పుడేమైంది?

నాలుగో తరగతి పిల్లాడు పేరా చదవలేకపోతే మన బడుల్లో ముందు పడే ముద్ర ‘బద్ధకం’. కళ్లు చూపించారా అని అడిగితే మాత్రం ఇటు టీచరు, అటు తల్లి నా మొహమే చూస్తారు. చూపు, వినికిడి బాగుండి, బడి మానకపోయినా చదువు రాకపోతే అది డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని సమస్య. ఒక్కోటీ వరసగా చూద్దాం.

బోర్డు మీద తప్పు, పుస్తకంలో ఒప్పు

బోర్డు మీది తప్పుగా దించుకుని, అదే పక్కవాడి నోట్సు చూసి సరిగ్గా రాస్తే చూపు సమస్యే. రెండుసార్లు పిలిస్తే గానీ పలక్కపోతే చెవులు కూడా చూపించండి. ఈ రెండూ తేలకుండా ఇంకేదీ మొదలుపెట్టొద్దు.

నెలల తరబడి బడికి రాలేదు

అమ్మానాన్నలతో విజయవాడకో చెన్నైకో పనికి వెళ్లొచ్చిన పిల్లలు మనకు కొత్త కాదు. రోజూ పక్కన కూర్చోబెట్టి నేర్పండి. రెండు మూడు నెలల్లో అందుకుంటుంటే అది వైకల్యం కాదు, మధ్యలో పోయిన చదువు.

పాఠం గడగడా చదువుతాడు, కొత్త పేజీ ఇస్తే నోరు పెగలదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. చీపురుపల్లి వైపు పనిచేసేటప్పుడు ఒక పిల్లాడు రెండో తరగతి పాఠాలన్నీ తడుముకోకుండా చదివేవాడు. మంచి గ్రేడు వేసి పై తరగతికి పంపాను. ఏడాదిన్నర తర్వాత వాళ్లమ్మ వచ్చింది. “నిరుడు వరకు బాగానే చదివీవోడు మేస్టారూ, ఇప్పుడేటైపోనాడో.” పాత పుస్తకమే తెప్పించి చదవమన్నాను. గొంతు మూడో లైనులో ఉంది, వేలు ఇంకా మొదటి లైనులోనే ఉంది. వాడు ఎప్పుడూ చదవలేదు, అప్పజెప్పాడంతే.

చిన్న తరగతుల్లో అందరూ కలిసి పాడినట్టు చదువుతారు, పక్కన బొమ్మ ఉంటుంది, పాఠం నాలుగు లైన్లే. జ్ఞాపకశక్తి ఉన్న పిల్లాడికి అక్షరంతో పనే పడదు. మూడో తరగతికి పాఠం పొడుగై, వత్తులు ఎక్కువయ్యాక బండారం బయటపడుతుంది. తెలివైనవాడైతే ఇంకా ఆలస్యంగా.

పరీక్ష ఐదు నిమిషాల పని. వాడికొచ్చిన పాఠంలోనే చివరి లైను వెనక నుంచి ఒక్కో పదం చదివించండి. తర్వాత అర్థంలేని పదాలు రాసివ్వండి. నేను ‘దుపిటె’ అని రాసిస్తే ‘దుప్పటి’ అన్నాడు. మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహిస్తున్నాడన్నమాట. ప-వ, మ-య, కి-కీ తారుమారు చేయడం కూడా రాసిపెట్టుకోండి.

పరిష్కారం నెమ్మది. అక్షరమాల మొత్తం కాదు, ర, ల, త, వ చాలు: తల, వల, రవ. అవి తడబడకుండా వస్తేనే దీర్ఘం, గుడి: తాత, రవి. వత్తులు ఆఖరున, వేరే రంగులో. ఇసుకలో వేలితో దిద్దిస్తూ శబ్దం పైకి పలికించండి. రోజుకు పదిహేను నిమిషాలు, సెలవుల్లో కూడా. సైన్సు, సోషల్ పాఠాలు మాత్రం ఆపొద్దు. మీరు చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించండి. నలుగురిలో నిలబెట్టి చదివించడం, తప్పుకు పదిసార్లు రాయించడం ఈ రోజే మానేయండి. పదిసార్లు రాస్తే తప్పే పదిసార్లు రాస్తాడు.

మిగతావి

ఎడమచేతి వాటం వల్ల చదువు రాదనేది వట్టి మాట. డిస్లెక్సియాకు టానిక్కూ లేదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు మొదట్లో తెలుగుకు తడబడతారు, అది వేరే సంగతి.

ఇంత చేసినా ఆరు నెలలకు కదలిక లేకపోతే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) స్పెషల్ టీచరును కలవండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. దివ్యాంగ సర్టిఫికెట్ అంటే పిల్లాడి మీద మచ్చ అనుకుని వెనక్కి తగ్గే తల్లిదండ్రులకు ఒకటే చెప్తాను: పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే ఆ కాగితమే అడుగుతారు. టెన్త్ హాల్‌టికెట్లు వచ్చాక పరిగెత్తితే దొరకదు.