రాయగడలో తోటి తెలుగువారిని కలుసుకోవడం ఎలా?

ఉద్యోగరీత్యా రాయగడకు కొత్తగా వచ్చినవారు ముందుగా గమనించవలసిన విషయం ఒకటుంది: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, ఇక్కడి తెలుగువారిలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. అందుచేత వారిని “ఎక్కడినుంచి వచ్చారండీ?” అని అడగడం అంత మర్యాద కాదు.

వచ్చిన మొదటి ఆదివారమే మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళండి. విజయనగరం, పార్వతీపురం వైపునుంచి కూడా భక్తులు తరలివచ్చే ఆ ప్రాంగణంలో, కొబ్బరికాయలు అమ్మేవారిని తెలుగులో పలకరిస్తే, మనవాళ్ళు ఏ వీధిలో ఎక్కువో, ఎవరింట్లో అద్దెకు వాటా ఖాళీగా ఉందో (నా అనుభవంలో ఇదే అసలైన లాభం) తెలిసిపోతుంది. జేకేపూర్ కాగితపు మిల్లులో చేరినవారికి తోటి ఉద్యోగులే దారి చూపుతారు. పరిచయాలు పెరిగేలోగా నాలుగు ఒడియా మాటలు నేర్చుకోండి. ఇరుగుపొరుగు సంభాషణలో రెండు భాషలూ కలిసే దొర్లుతుంటాయి.