ఆరో తరగతి ఇంగ్లీషు: బడి తెరిచేలోగా చూసుకోవలసినవి

ఊరి బడిలో ఐదు చదివి, శ్రీకాకుళం చుట్టుపక్కల జడ్పీ హైస్కూల్లో ఆరులో చేరే పిల్లల ఇళ్లకు ఇది. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఆలోపే చూసుకోండి.

– ముందు చదవడం. ఐదో తరగతి పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి బిగ్గరగా చదివించండి. ఆగిన మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టండి, తిట్టకండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా, ఎక్కడ తడబడుతున్నారో చెవికి తెలిసిపోతుంది. గీత పెట్టిన మాటలే మర్నాడు మళ్లీ చదివించండి.

– గైడు అప్పుడే కొనకండి, కనీసం దసరా దాకా. హైస్కూల్లో ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారు, ఉత్తరాలు రాయిస్తారు. అక్కడ బట్టీ పనిచేయదు.

– ‘డిడ్’ వచ్చాక ‘వెంట్’ రాదు, ‘గో’ వస్తుంది. ‘హి డిడ్ నాట్ వెంట్’ అని రాసేవాళ్లు పదో తరగతిలోనూ కనిపిస్తారు! ఇప్పుడే సరిచేయించండి.

– చేతిరాత బాగోలేకపోతే నాలుగు గీతల నోటుబుక్. అంతే.

– మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే టెన్షన్ పడకండి. మాస్టారిని కలిసి జవాబు పత్రం అడిగి చూడండి. ట్యూషన్ సంగతి ఆ తర్వాత.