నడివయసులో మీకు నప్పే జుట్టు పొడవును ఎంచుకోవడం ఎలా?

నలభై దాటాక జుట్టు పొట్టిగా ఉండాలని కొందరు, పొడవు తగ్గిస్తే ముఖానికి కళ పోతుందని ఇంకొందరు ఖచ్చితంగా చెబుతుంటారు. ఈ రెండు సలహాల్లోనూ వయసు లెక్క తప్ప, ఎదురుగా కూర్చున్న స్త్రీ జుట్టు ఎలా ఉంది, ముఖం ఎలా ఉంది అన్న విచారణ లేదు. నిజానికి పొడవును ముఖ్యంగా నిర్ణయించవలసినవి రెండు విషయాలు. జుట్టు ఎంత దూరం వరకు ఒత్తుగా దిగుతోంది అన్నది మొదటిది; దాని చివరలు ముఖం మీద, మెడ మీద ఎక్కడ ఆగుతున్నాయి అన్నది రెండవది. ఈ రెండూ తెలుసుకోవడానికి ఇంట్లో అద్దం, ఒక తువ్వాలు, కొన్ని క్లిప్పులు, కాస్త తీరిక ఉంటే చాలు.

1. జుట్టులో వచ్చిన మార్పును ముందుగా గుర్తించండి

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ప్రతి వెంట్రుకా కొన్నేళ్లపాటు, సాధారణంగా 2 నుంచి 6 సంవత్సరాలు, పెరుగుతూ ఉండి, ఆ తర్వాత కొన్ని నెలలు ఎదుగుదల లేకుండా నిలిచి, చివరికి రాలిపోతుంది. ఈ పెరిగే దశ ఎంత ఎక్కువ కాలం సాగితే జుట్టు అంత పొడవుకు చేరుకుంటుంది. 45 నుంచి 55 ఏళ్ల మధ్య రుతుక్రమం ఆగిపోయే కాలంలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడంతో చాలామందిలో ఈ దశ కుదించుకుపోతుంది, కొత్తగా వచ్చే వెంట్రుకలు కూడా మునుపటికంటే సన్నగా ఉంటాయి. అందువల్ల పాతికేళ్ల వయసులో నడుము దాకా ఒత్తుగా పెరిగిన జుట్టు ఇప్పుడు అంత దూరం రాకపోవచ్చు, వచ్చినా చివర నాలుగు పోగులే మిగలవచ్చు. ఇందులో మీ సంరక్షణ లోపమేమీ లేదు.

పాపిట దగ్గర మాడు మునుపటికంటే వెడల్పుగా కనిపిస్తోందా, పోనీటెయిల్ కట్టినప్పుడు రబ్బరుబ్యాండుకు ఒక చుట్టు అదనంగా పడుతోందా, నెరిసిన వెంట్రుకలు బిరుసుగా లేచి నిలుస్తున్నాయా అన్నవి గమనించండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అయితే ఉన్నట్టుండి గుప్పెళ్లకొద్దీ ఊడుతున్నా, మాడు మీద అక్కడక్కడ ఖాళీలు ఏర్పడుతున్నా పొడవు సంగతి పక్కన పెట్టి ముందు చర్మవైద్యులను కలవాలి. థైరాయిడ్ లోపం, ఇనుము తక్కువ కావడం వంటి కారణాలు రక్తపరీక్షలో బయటపడతాయి. పెద్ద జ్వరం లేదా శస్త్రచికిత్స తర్వాత రెండు మూడు నెలలకు మొదలయ్యే రాలుడు చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది కాబట్టి, ఆ మధ్యకాలంలో కంగారుపడి జుట్టంతా కత్తిరించుకోవలసిన పని లేదు.

2. ఒత్తుదనం ఎక్కడ ముగుస్తోందో చూడండి

అన్ని అడుగుల్లోకీ నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరాక, సీరమ్ వంటివేవీ రాయకుండా చిక్కు తీసి, పాయలను రెండు భుజాల మీదుగా ముందుకు వేసుకోండి. నల్లని జుట్టయితే తెల్లని తువ్వాలును, బాగా నెరిసిన జుట్టయితే ముదురు రంగు గుడ్డను దాని వెనుక, ఎదమీద పరుచుకుని, పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. పైనుంచి కిందికి చూస్తూ వస్తే ఒక చోట గుడ్డ రంగు వెంట్రుకల సందుల్లోంచి కనిపించడం మొదలవుతుంది. అంతవరకు నిండుగా, ఒకే ముద్దగా ఉన్న జుట్టు అక్కడినుంచి విడివిడి పోగులుగా మారుతుంది. ఆ చోట ఒక క్లిప్పు పెట్టండి.

మీకు నప్పే గరిష్ఠ పొడవు ఆ క్లిప్పు దగ్గర ముగుస్తుంది. దాని కింద ఉన్న జుట్టు పొడవును పెంచుతున్నట్టు అనిపిస్తుంది గాని, చూసేవారికి జుట్టు మొత్తం పలచగా ఉందన్న భావనే కలిగిస్తుంది. ఆ పలచని భాగాన్ని తీసేసిన రోజునే మిగిలిన జుట్టు రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా పెంచుకున్న జుట్టును వదులుకోవడం మనసుకు కష్టమే, ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే క్లిప్పు భుజాల కింద ఎంతో దూరంలో నిలిచినవారు, జుట్టు తెల్లబడినా సరే, నిశ్చింతగా పొడవు ఉంచుకోవచ్చు. యాభై ఏళ్లు దాటిన స్త్రీకి ఒత్తైన పొడవు జుట్టు నప్పదన్న మాటలో పస లేదు.

రింగుల జుట్టు ఉన్నవారు ఈ పరీక్ష చేసేటప్పుడు పాయలను లాగి సాగదీయకూడదు, సహజంగా ముడుచుకుని ఉన్న స్థితిలోనే చూడాలి.

3. చివరలు ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోండి

జుట్టు ముగిసే చోట ముఖానికి అడ్డంగా ఒక గీత గీసినట్టవుతుంది, చూపు సరిగ్గా అక్కడే ఆగుతుంది. కాబట్టి మీకు నచ్చిన భాగం దగ్గర జుట్టు ఆగాలి, కప్పాలనుకున్న భాగానికి కాస్త పైనగాని కిందగాని ముగియాలి.

నడివయసులో బుగ్గల నిండుదనం కొంత తగ్గి, దవడ అంచు దగ్గర చర్మం వదులవుతుంది. ఇటువంటప్పుడు సరిగ్గా దవడ దగ్గర ఆగే బాబ్ కట్ ఆ వదులునే ఎత్తి చూపుతుంది. అదే బాబ్‌ను రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించితేనో, లేదా పెదవుల స్థాయికి ఎత్తి చూపును బుగ్గ ఎముక వైపు మళ్లిస్తేనో ముఖం తేలికగా కనిపిస్తుంది. మెడ మీద ముడతలు ఇబ్బంది పెడుతుంటే మెడ ఎముకను (కాలర్ బోన్‌ను) తాకే పొడవు బాగుంటుంది, ఎందుకంటే అది మెడకు రెండు పక్కలా నిలువుగా దిగి మధ్య భాగాన్ని మాత్రమే కనిపించనిస్తుంది. మెడ పొట్టిగా ఉన్నవారికి భుజాల మీద గుబురుగా ఆగే జుట్టు కంటే దవడకు ఎగువన ముగిసేదో, మెడ ఎముక దాటి దిగేదో నయం. పొడవైన మెడ ఉన్నవారికి దాదాపు ఏ పొడవైనా చెల్లుతుంది.

పొట్టి జుట్టు నప్పుతుందా లేదా అని తేల్చుకోవడానికి క్షౌరశిల్పి జాన్ ఫ్రీడా పేరుతో ప్రచారంలో ఉన్న ఒక కొలత ఉంది. గడ్డం కింద ఒక పెన్సిలును అడ్డంగా పట్టుకుని, చెవితమ్మె కింద స్కేలును నిలువుగా ఉంచి, రెండూ కలిసే చోటుకు చెవితమ్మె నుంచి దూరం చూడాలి. అది రెండుంపావు అంగుళాల కంటే, అంటే సుమారు 5.7 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే పొట్టి జుట్టు, ఎక్కువ ఉంటే పొడవు జుట్టు ముఖానికి అమరుతుందని అంటారు. దీన్ని ఒక సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు. దవడ, మెడ ఇప్పుడు ఎలా ఉన్నాయన్నది ఈ కొలతలో ఇమడదు. గుండ్రని ముఖం, చతురస్ర ముఖం అంటూ పత్రికల్లో వచ్చే పట్టికలను నేను ఇంకా తక్కువగా నమ్ముతాను, చాలామంది ముఖాలు ఆ గళ్లలో దేనిలోనూ కుదురుకోవు.

4. కత్తిరించక ముందే కట్టి చూసుకోండి

అనుకున్న పొడవు వచ్చేలా జుట్టును లోపలికి మడిచి, తల వెనుక పిన్నులతో బిగించండి. రోజూ పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకుని, తరచుగా వేసుకునే దుస్తుల్లోనే నిలువుటద్దం ముందు నిలబడండి. ముఖం ఒక్కటే చూసి నిర్ణయిస్తే భుజాల వెడల్పు, మనిషి ఎత్తు లెక్కలోకి రాకుండా పోతాయి. ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి ఫోటోలు తీయించుకుని మరునాడు చూడండి. అద్దంలో కనబడని తేడాలు ఫోటోలో తెలిసిపోతాయి, ముఖ్యంగా పక్క నుంచి తీసిన దానిలో.

5. జుట్టు స్వభావాన్ని బట్టి పొడవును సరిదిద్దుకోండి

సన్నని, నిటారైన జుట్టుకు చివరలు ఒకే వరుసలో ఉండే బ్లంట్ కట్ మేలు చేస్తుంది. లేయర్లు, అంటే పొరలుగా వేర్వేరు పొడవుల్లో కత్తిరించిన పాయలు, ఎక్కువైతే ఉన్న కాస్త నిండుదనమూ చెదిరిపోతుంది. ఒత్తైన, బిరుసు జుట్టు మాత్రం ఒకే పొడవులో ఉంటే కింద వెడల్పై త్రికోణంలా విచ్చుకుంటుంది, దానికి పొడవైన లేయర్లు అవసరం. రింగుల జుట్టు ఆరిన కొద్దీ పైకి ముడుచుకుంటుంది గనుక, అనుకున్నదానికంటే కొంత ఎక్కువ పొడవే ఉంచమని చెప్పాలి, వీలైతే పొడిగా ఉన్నప్పుడే కత్తిరించే వారిని వెతుక్కోవాలి. సరిగ్గా భుజం మీద ఆగే జుట్టు భుజానికి తగిలి బయటికి తిరుగుతుంది. అది నచ్చనివారు రెండు వేళ్లు పైకో కిందికో జరుపుకోవాలి.

6. రోజూ ఎంత శ్రమ పడగలరో లెక్క వేసుకోండి

పొట్టి జుట్టుకు పని తక్కువ అనుకోవడం సగమే నిజం. ఆరబెట్టడం, దువ్వడం తేలికే గాని, ఆకారం చెడకుండా ఉండాలంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ట్రిమ్ చేయించుకోవాలి. భుజాల పొడవుకు ఎనిమిది, పది వారాలు ఆగవచ్చు. అంతకంటే పొడవైతే మూడు నెలలైనా ఫర్వాలేదు.

ఈ వయసుకు ప్రత్యేకమైన సంగతులు రెండున్నాయి. ఉన్నట్టుండి ఒంట్లో వేడి పొంగి చెమటలు పట్టే వారికి మెడ మీద జుట్టు పెద్ద చిరాకు. అటువంటివారు మెడకు తగలని పొట్టి జుట్టునో, ఒక్క చేతితో పైకి ఎత్తి క్లిప్పు పెట్టుకోగలిగిన పొడవునో ఎంచుకోవాలి. వదిలేస్తే మెడకు అంటుకునే, కడదామంటే అందని మధ్యరకం పొడవు వారికి పనికిరాదు. రెండవది భుజం నొప్పి. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య భుజం కీలు బిగుసుకుపోయే సమస్య ఎక్కువగా వస్తుంది, చేతులెత్తి పావుగంటసేపు బ్లో డ్రయర్ పట్టుకోవడం అప్పుడు సాధ్యం కాదు. అలాంటివారు గాలికి ఆరి దానంతట అదే అమరే కట్ కావాలని ముందే చెప్పాలి. పొడవు జుట్టు ఉంచుకునేవారు రోజూ బిగుతుగా లాగి ముడి వేయకూడదు, ఆ లాగుడుకు నుదుటి పక్కన, కణతల దగ్గర కుదుళ్లు దెబ్బతిని జుట్టు శాశ్వతంగా తగ్గిపోయే ప్రమాదం ఉంది.

7. స్టైలిస్టుకు స్పష్టంగా చెప్పండి

“కొంచెం తగ్గించండి” అంటే ఒకరికి రెండు సెంటీమీటర్లు, మరొకరికి పది. అందువల్ల మాటలతో ఆపకుండా, ఆరిన తర్వాత జుట్టు ఎక్కడ ఆగాలో మెడ మీదో దవడ మీదో వేలు పెట్టి చూపించండి. మీరు పిన్నులతో కట్టి తీసుకున్న ఫోటోలు చూపడం ఇంకా మంచిది. వేరొకరి ఫోటో చూపేటట్లయితే మీ జుట్టులాంటి జుట్టు, మీకు దగ్గరి వయసు ఉన్నవారిది ఎంచుకోండి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి పోతుంది కనుక, ముందు అనుకున్నదానికంటే పొడవుగా ఉంచి, ఆరబెట్టి చూశాక మిగిలినది తీయమని అడగండి. సన్నని జుట్టు ఉన్నవారు జుట్టును పలచన చేసే థిన్నింగ్ కత్తెర వాడవద్దని కూర్చోగానే చెప్పడం మంచిది. నుదుటి మీది ఫ్రింజ్ సంగతిని మాత్రం అదే రోజు తేల్చకండి. కొత్త పొడవుతో రెండు వారాలు గడిపాక, కళ్లద్దాల ఫ్రేముకు తగలకుండా పక్కకు దిగే ఫ్రింజ్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది.

భుజాల కింది నుంచి దవడ దాకా ఒకేసారి తగ్గించాలనుకునేవారు ముందు మెడ ఎముక వరకు తగ్గించి, ఆరేడు వారాలు ఆ పొడవుతో ఉండి, తర్వాత మిగతాది ఆలోచించడం క్షేమం. దవడ దగ్గర కత్తిరించిన జుట్టు తిరిగి భుజాలకు చేరాలంటే ఏడాదికి దగ్గరగా పడుతుంది.