రొమ్ము క్యాన్సరా? ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీ అంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు కదా అని మూడు వారాలు ఊరుకున్నాను. నేను చేసిన తప్పు అదే, ఎందుకంటే ఈ గడ్డ మొదట్లో చాలామందికి అసలు నొప్పే పెట్టదు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, నిజమే, కానీ ఏది అవునో ఏది కాదో వేళ్లతో తేలదు. చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని నుంచి రక్తం రంగులో ఏమైనా కారినా, చంకలో బిళ్ల కట్టినా అదే వారం చూపించుకోండి. మగవాళ్లు కూడా. మొత్తం కేసుల్లో నూటికి ఒకటి లోపే అయినా వాళ్లకీ వస్తుంది, పైగా తమకు రాదనుకుని ఆలస్యం చేస్తారు.

ఇక నోట్‌బుక్ సంగతి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అదీ, రాసిపెట్టడానికి ఒక మనిషీ ఉండాలి. నాకు క్యాన్సర్ అన్న మాట విన్నాక డాక్టరమ్మ ఇంకో ఇరవై నిమిషాలు ఏం చెప్పిందో ఒక్క ముక్క చెవికెక్కలేదు, పక్కన మా చెల్లి కూర్చుని రాసింది కాబట్టి బతికిపోయాను. డాక్టర్ ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కూడా.

బయాప్సీ, అంటే గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం అంటే చాలామంది జంకుతారు, సూది గుచ్చితే పాకిపోతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ భయంతో దాన్ని వాయిదా వేయకండి, అది చేయకుండా మీకు ఏ మందు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. రిపోర్టు వచ్చాక నాలుగు విషయాలు నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసుకోండి: ఈఆర్, పీఆర్ (గడ్డ కణాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకుంటాయో లేదో చెప్పేవి), హెర్2 (ఆ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్), గ్రేడ్. మొదటి రెండిట్లో ఏ ఒక్కటి పాజిటివ్ అయినా హార్మోన్ మాత్రలు పనికొస్తాయి. హెర్2 3+ అయితే దానికి విడిగా మందులున్నాయి, 2+ అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం, ఫిష్ అనే ఇంకో టెస్టు చేయమని మీరే అడగండి. మూడూ నెగెటివ్ అయితే దాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు, సాధారణంగా అక్కడ కీమోదే పెద్ద పాత్ర. ఇక గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. నా రిపోర్టులో గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజ్ అనుకుని రాత్రంతా ఏడ్చాను. గ్రేడ్ అంటే కణాలు మైక్రోస్కోప్ కింద ఎంత తేడాగా కనిపిస్తున్నాయో, స్టేజ్ అంటే జబ్బు ఎంతవరకు పాకిందో. ఆ రాత్రి ఏడుపు దండగ.

చికిత్స మొదలుకాకముందే అడగాల్సినవి: ముందు కీమోనా, ఆపరేషనా? రొమ్ము ఉంచే వీలుందా? తొలి దశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసేసినా బతికే అవకాశం ఒకటేనని 2002లో వెలువడిన 20 ఏళ్ల ఫలితాలు తేల్చాయి. అందుకని మొత్తం తీసేస్తేనే నిశ్చింత అని బంధువులు అనే మాట విని నిర్ణయం తీసుకోకండి. ముందు ముందు పిల్లలు కావాలనుకుంటే అది కీమోకి ముందే చెప్పాలి, తర్వాత చెబితే దారులు తగ్గిపోతాయి.

ఆపరేషన్ తర్వాత పక్కన ఒక డ్రెయిన్ వేలాడుతుంది, గాయంలో ఊరే నీరు గొట్టం ద్వారా వచ్చి చేరే చిన్న ప్లాస్టిక్ బల్బు. దాన్ని ఖాళీ చేసేటప్పుడు చేతులు కడుక్కుని, మూత తీసి, కొలిచే గ్లాసులో వంపి, బల్బును గట్టిగా నొక్కి పట్టుకునే మూత పెట్టాలి, లేకపోతే లోపలికి పీల్చడం ఆగిపోతుంది. నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇలా ఉంటుంది: ఉదయం 45, సాయంత్రం 40, మర్నాడు 30, 25... రోజు మొత్తం 30 మిల్లీలీటర్ల లోపుకి దిగాక మామూలుగా తీసేస్తారు, కాబట్టి మీరు రాసిన అంకెలే డాక్టర్‌కి ఆధారం.

కీమోలో అందరూ జుట్టు గురించే అడుగుతారు. చాలా మందులకి మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి ఊడుతుంది, ముందే పొట్టిగా కత్తిరించుకుంటే గుప్పెళ్లుగా చూడాల్సిన బాధ తగ్గుతుంది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది థర్మామీటర్. 100.4 డిగ్రీలు దాటిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి ఫోన్ చేయండి. తెల్లకణాలు పడిపోయినప్పుడు మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, జ్వరం దాక్కుంటుందంతే.

చంకలో లింఫ్ గ్రంథులు తీస్తే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. ఉంగరం బిగుతైనా, చెయ్యి బరువుగా అనిపించినా వాపు పెరిగేదాకా ఆగకుండా ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

డబ్బు సేకరించాల్సి వస్తే ఆ పని రోగి నెత్తిన పెట్టకండి, నమ్మకమైన ఒకరు చూడాలి. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అని ముందు రోగినే అడగాలి, గుండు ఫొటో పెడితే డబ్బులొస్తాయని ఎవరో చెప్పారని పెట్టేయడం నాకు నచ్చదు. ఆస్పత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, ఎంత వచ్చింది, ఎంత కట్టాం, మిగిలితే ఏం చేస్తాం అన్నవి మొదటి రోజే రాసేయండి. వీలైతే దాతలు నేరుగా ఆస్పత్రికే కట్టేలా చూడండి. ఇంకోటి, రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబర్‌లో గులాబీ రిబ్బన్ అంటించి అమ్మే వస్తువు కొనేముందు ఆ డబ్బులో ఎంత, ఎవరికి వెళ్తుందో చదవండి. అది రాయకపోతే ఆ డబ్బు తెలిసిన రోగికే ఇవ్వడం మేలు.

స్నేహితులకి ఒక మాట: "ఏదైనా కావాలంటే అడుగు" అనకండి, అడగరు. "గురువారం కీమోకి నేను వస్తాను" అనండి. నాలుగో స్టేజ్‌లో, అంటే జబ్బు వేరే అవయవాలకి పాకిన దశలో ఉన్నవాళ్లతో "పోరాడు, గెలుస్తావు" అనడం కూడా మానేయండి. వాళ్లకి చికిత్స ఆగదు, ఏళ్ల తరబడి సాగొచ్చు, ఇందులో ఓడిపోవడానికి వాళ్లేమీ పందెం కాయలేదు.

నా నోట్‌బుక్‌లో ఇప్పుడు రోజుకి ఒక టిక్కే, టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వేసుకున్నానని. ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు కూడా వాడాలంటారు. ఒళ్లంతా సెగలొస్తాయి, నిద్ర పాడవుతుంది, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. డిప్రెషన్‌కి ఇచ్చే పారాక్సెటిన్ లాంటి కొన్ని మందులు దీని పనితనాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు నోట్‌బుక్ తెరిచి ఆ పేజీ చూపిస్తున్నాను.