గోదావరి గులకరాళ్లు – మూడో పాఠం: రాళ్ల వాలు, అకీకు, తీతువు గుడ్లు

పలుగురాయిని, ఇసుకరాయిని, బసాల్టును (లావా గట్టిపడిన నల్లరాయి) వేరుచేయడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి రాయిని తీయకముందే చూడాలి. ధర్మపురి కానీ, మంథని కానీ, నీరు తగ్గి గులకమేట తేలిన చోటు చాలు. మంథని దగ్గరి శివారం అభయారణ్యం మొసళ్లకు పేరు, అక్కడి మడుగుల జోలికి మాత్రం పోకండి.

మేట మీద చదునైన రాళ్లు కప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి. వాటి వాలు ఎగువకు, పైకి లేచిన అంచు దిగువకు ఉంటుంది. అలా కుదురుకున్న రాయిని వరద తేలిగ్గా దొర్లించలేదు. కాబట్టి ఎండిన పాయలో కూడా నీరు ఎటు పారిందో చెప్పవచ్చు. ఒక్క రాయిని నమ్మవద్దు, పశువుల కాలు తగిలినా అది తిరగబడుతుంది. పదింటిని చూసి, ఎక్కువ రాళ్ల లేచిన అంచు ఎటు ఉందో రాసుకోండి.

ఇక అకీకు, అంటే చారలుండే అగేట్ రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను లావా కప్పేసింది. అది గట్టిపడేటప్పుడు లోపల చిక్కిన వాయు బుడగలు ఖాళీలుగా మిగిలాయి. తర్వాత సిలికా కలిసిన నీరు వాటిలోకి ఊరి, పొరలు పొరలుగా రాయి కట్టింది. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మహారాష్ట్రలో చాలా దూరం ఆ లావా రాతి మీదే పారుతుంది. బసాల్టు చివికి నల్లరేగడి అవుతుంది, అకీకు మాత్రం అంత తేలిగ్గా లొంగదు. పైకి మసకగా, గుంటలు పడి, ఎవరూ వంగి తీసుకోనట్టే ఉంటుంది. తడిపి ఎండకు పట్టండి: అంచుల్లో వెలుగు దిగుతుంది, చారలు బయటపడతాయి. చాకుతో గీసినా గీత పడదు. పలుగురాయి మీదా పడదు కనుక, చారలు చూశాకే తేల్చండి.

రాళ్ల మీదే కళ్లు పెట్టి నడిస్తే గుడ్లు తొక్కుతాం. తీతువు గూడు కట్టదు. గులకలో చిన్న గుంట చేసి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలు, పక్కనున్న రాయికీ వాటికీ తేడా తెలియదు. మండుటెండలో పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం అక్కడే నిలబడితే ఆ పని ఆగిపోతుంది. తీతువు కూత అపశకునమని ఇంట్లో భయపెడతారు కానీ, పాపం, అది మనల్ని పొమ్మంటోంది. నెత్తిన తిరుగుతూ అరిచిందంటే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. అసలు ఈ పాఠానికి డిసెంబరు, జనవరి మేలు, మార్చి తర్వాత మేట పక్షులదే.

అభ్యాసం: రెండు చోట్ల రాళ్ల వాలు గీసి, బాణం గుర్తుతో ప్రవాహ దిశ చూపండి. అకీకును ఫొటో తీసి అక్కడే ఉంచేయండి. నాలుగో పాఠంలో ప్రాణహిత కలిశాక కాళేశ్వరం దగ్గర రాళ్లు ఎలా మారతాయో చూద్దాం.